నిద్రాదేవి గారికి ఒక అర్జీ

శ్రీ నిద్రాదేవి గారి దివ్యసముఖానికి,

విషయం: రాత్రి కోటాలో తరుగు – విచారణ కోరుట గురించి.

అమ్మా,

పదకొండుకి పడుకుని ఆరింటికి లేస్తున్నాం. లెక్కకి ఏడు గంటలు. పెద్దవాళ్లకి డాక్టర్లు చెప్పే కనీస కోటా ముట్టినట్టే. తీరా లేచాక చూస్తే కళ్లు మంటలు, ఒళ్లు నొప్పులు, మళ్లీ పడుకుందామనే యావ. కొనుగోలు కేంద్రంలో కాటా వేసిన ధాన్యానికి మిల్లులో తరుగు తీసినట్టు, మధ్యలో ఎవరో కోత పెడుతున్నారు. వాళ్లెవరో తేల్చమని ఈ మనవి.

లక్ష్మణస్వామి పద్నాలుగేళ్లు మేలుకుంటానంటే ఆయన వాటా ఊర్మిళమ్మకి బదలాయించారని మా అమ్మమ్మలు పాడుకునేవారు. ఆ సౌకర్యం ఇంకా అమల్లో ఉంటే, మా వాటా ఎవరి పేరున జమవుతోందో కాస్త చూడండి. మా వీధి కుక్కల పేరున మాత్రం కాదు, అవీ మాతోపాటే మేలుకుంటున్నాయి.

అనుమానితుల సంగతి నాకు తోచినంతవరకు మనవి చేస్తాను. ఇళ్ల మధ్య రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలున్నాయి. మా వీధిలో బరాత్ డీజే కుర్రాడికి ఆ అంకె చెప్పాను. వినపడలేదన్నాడు. ఇక సాయంత్రం చాయ్. పగలంతా మెదడులో అడినోసిన్ పేరుకుంటేనే మాకు కళ్లు మూతలు పడతాయి. అది అతుక్కోవాల్సిన చోట కెఫీన్ ముందే చేరిపోతుంది. తాగిన ఐదు గంటలకి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఫోన్ వెలుగు మెలటోనిన్‌ని తగ్గిస్తుందంటారు, నిజమే. నాకు మాత్రం వెలుగుకన్నా బొటనవేలి మీదే అనుమానం ఎక్కువ. పెగ్గు వేస్తే నిద్ర హాయిగా పడుతుందనే పెద్దమనుషులకి తెల్లవారుజామున మెలకువలు ఎందుకొస్తున్నాయో తమరే చెప్పాలి.

అసలు దొంగ మా హాల్లోనే, దివాన్ మీద ఉన్నాడు: మా బావమరిది గురక. పెరిగి పెరిగి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పొట్ట ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఒక్క ఉలికిపాటుతో గుర్రున పీల్చి అటు తిరిగి పడుకుంటాడు. కాసేపటికి మళ్లీ మొదలు. “పాపం, ఎంత ఆదమరిచి పడుకున్నాడో!” అంటుంది మా ఆవిడ. పొద్దున్నే వాడికి నోరెండిపోయి తలనొప్పి. పదకొండింటికల్లా ఆఫీసులో కునికిపాట్లు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారట. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతే, ఊపిరి కోసం మెదడు క్షణంపాటు మేలుకుంటుంది. మనిషికి అది గుర్తుండదు. ఇలా గంటకి ముప్పైసార్లు జరిగితే తీవ్రమైన జబ్బు కిందే లెక్క. అంటే గురకపెట్టేవాడు సుఖంగా నిద్రపోతున్నాడని తమ ఖాతాలో మేం తరతరాలుగా రాసింది తప్పుడు లెక్క! నిద్ర పరీక్ష చేయించుకోరా అంటే ఇంతెత్తున లేస్తాడు. ముక్కుకి మాస్కు తగిలించి గాలి ఊదే సీపాప్ యంత్రాన్ని సిడ్నీ డాక్టర్ కాలిన్ సలివాన్ 1981లోనే లోకానికి చూపించాడని చెప్పినా, పెళ్లిచూపుల్లో నవ్వుతారంటాడు. ఒళ్లు తగ్గించమన్నా, పక్కకి తిరిగి పడుకోమన్నా అదే మొహం. పైగా నిద్రమాత్ర తెచ్చుకుంటానంటున్నాడు. కొన్ని మాత్రలు ఆ గొంతుని ఇంకా వదులు చేస్తాయని తమరైనా కలలో కనిపించి చెప్పండి.

మా ఆవిడ నీరసం రక్తహీనత వల్లనని పరీక్షలో తేలింది. అది తమ శాఖ కిందికి రాదు కాబట్టి ప్రస్తావించను. నా వంతుగా ఆదివారం కూడా ఆరింటికే లేచి ఎండలో నిలబడుతున్నాను. రాత్రి పదకొండయ్యేసరికి ఆవులింతలు వాటంతటవే వస్తున్నాయి. ఇది నాకు అనుకూల సాక్ష్యంగా నమోదు చేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు

ప్రతులు:
1. డీజే కుర్రాడికి (పెద్ద అక్షరాల్లో).
2. మా బావమరిదికి (మెలకువగా ఉన్న సమయం చూసి అందజేయవలెను).