వరద ప్రణాళికలో అందరినీ కలుపుకుపోవడం ఎలా? కొత్త అధికారికి చిట్కాలు

మీ నగరానికి వరద ప్రణాళిక రాసే పని మీ నెత్తిన పడిందా? కంగారు పడకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి రోజు మీ ఊరికి వచ్చినా మీ కుర్చీకి తడి తగలకూడదంటే ఇలా చేయండి.

1. మ్యాపు తెరవకండి. తెరిస్తే వాగు దారి కనిపిస్తుంది, ఆ దారిలో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ నీటికి దారి ఉండదు. ఇది అందరికీ తెలిసిందే. తెలిసిన సంగతిని ఫైల్లో రాస్తే రేపు సంతకం పెట్టినవాడు ఇరుక్కుంటాడు. ‘ఊహించని వర్షం’ అన్న మాట ఇప్పుడే టైపు చేయించి ఉంచండి. వానల్లో తీరిక దొరకదు.

2. సమావేశం మాత్రం తప్పకుండా పెట్టండి. మంగళవారం, ఉదయం 11 గంటలకు. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు, ఆటోనగర్ మెకానిక్కులు, ముఠా కూలీలు ఆ వేళకు రాలేరు. లిఫ్టు లేని రెండో అంతస్తు హాలు దొరికితే చక్రాల కుర్చీలవాళ్లూ రారు. వచ్చిన అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడికి కాఫీ ఇప్పించి సంతకం తీసుకోండి. మీ ఆఫీసు ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి ఫొటో తీయించండి. ఫొటో ఉంటే భాగస్వామ్యం ఉన్నట్టే.

3. అసలు కిటుకంతా జాబితాలో ఉంది. విపత్తుల్లో దివ్యాంగుల రక్షణ కోసం జిల్లాలో వాళ్ల వివరాలు రాసి ఉంచాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 8వ సెక్షన్ చెబుతోంది. పింఛను జాబితా జిరాక్సు తీసి ఆ ఫైల్లో పెట్టేయండి. పింఛను రానివాళ్ల కోసం సందులు తిరగకండి. మంచం దిగలేని ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో, డయాలసిస్ ఎవరికో, నెలలు నిండింది ఎవరికో రాసుకున్నారా, ఆ రాత్రి పడవ పంపాల్సి వస్తుంది. రాసుకోకపోతే అడిగేవాడే లేడు. ఉన్న పడవను మెయిన్ రోడ్డు మీదే తిప్పండి. డ్రోన్ దొరికితే ఇంకా మంచిది. అది ఎగిరినంతసేపు జనం పైకి చూస్తారు, మీ వైపు చూడరు.

4. హెచ్చరిక మైకులో ఒక్కసారి, తెలుగులో మాత్రమే చెప్పించండి. చెవులు వినపడనివాళ్లు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఎలాగూ ఫిర్యాదు చేయరు. ఏ వీధిలోకి ఎంత నీరు, ఎన్నింటికి వస్తుందో చెప్పకండి. చెబితే సామాను మేడెక్కించుకుంటారు, నష్టం తగ్గుతుంది. నష్టం తగ్గితే మీరు అడిగే నిధులూ తగ్గుతాయి.

5. సాయం పంచేటప్పుడు కాగితాన్ని నమ్ముకోండి. విజయవాడలో మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 ప్రకటించారు. అలా ప్రకటించగానే అద్దెకున్నవాళ్లు బయల్దేరతారు. మునిగింది వాళ్ల ఫ్రిజ్జు, వాళ్ల బియ్యం, వాళ్ల పిల్లల సర్టిఫికెట్లు. వాళ్లను కరెంటు బిల్లు అడగండి, అది ఇంటి ఓనరు పేరున ఉంటుంది. ఆధార్ అడగండి, అందులో శ్రీకాకుళం అడ్రసు ఉంటుంది. రెండూ సరిపోయాయా? సర్వర్ పనిచేయడం లేదనండి. నీళ్లకు భయపడి చుట్టాలింటికి పోయినవాళ్ల గుమ్మానికి తాళం ఉంటుంది. ‘డోర్ లాక్’ అని రాసి ముందుకు నడవండి. సాయంలో కులం, మతం, ఆడ, మగ వివక్ష కూడదని 2005 విపత్తు నిర్వహణ చట్టం, 61వ సెక్షన్ అంటుంది. మీరు కులం అడగలేదుగా, కాగితం అడిగారు. ఆ కాగితం ఎవరి దగ్గర ఉండదో కనుక్కోవడం మీ డ్యూటీలో లేదు.

6. పునరావాస కేంద్రంగా స్కూలు పేరు రాయండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయకండి.

7. మాక్ డ్రిల్ మే నెలలో, ఈత వచ్చిన కుర్రాళ్లతో చేయించండి. చంటిబిడ్డల తల్లులను పిలిస్తే ఆలస్యమవుతుంది.

8. నీళ్లు తీశాక కట్ట మీది గుడిసెలు పీకించండి. వాళ్లకు ఊరికి దూరంగా, బస్సు రాని చోట స్థలం చూపించండి. వాగు మధ్యలో లేచిన పెద్ద కట్టడాల జోలికి పోకండి, వాటికి క్రమబద్ధీకరణ దరఖాస్తు ఇవ్వండి. వచ్చే ఏడాది ఇదే ప్రణాళికకు తేదీ మార్చి పైకి పంపండి.