పానా బావగారు

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్ లాంటి తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఒక జాతి మగవాళ్లుంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా కార్ల కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుని, రేపటి కరెంటు బళ్లకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. శనివారం తెల్లారేసరికి 1997 నాటి డాడ్జ్ రామ్ పికప్ కింద పడుకుని ఉంటారు. బయటికి కనిపించేవి రెండు కాళ్లే. ఎవరైనా పలకరించాలంటే ఆ కాళ్లనే పలకరించాలి. మా అక్క చేసుకున్నది ఈ జాతివాణ్ణే. వీధిలో చిన్నాపెద్దా ఆయన్ని పానా బావగారంటారు.

బావగారికి చెవులు పాము చెవులు. గుడి పార్కింగులో ఎవరి బండైనా మలుపు తిరుగుతూ టిక్కు టిక్కుమందంటే, చేతిలో పులిహోర పొట్లంతోనే దాని వెనక నడుస్తాడు. "జాయింట్ పోయిందండీ" అని అడగనివాళ్లకి కూడా చెబుతాడు. అక్క నడిపే టొయోటాకి ఏ రోగమూ రాదు. అదే ఆయన దిగులు. చివరికి దేవుడు కరుణించి, ఆయన ట్రక్కుకే ముందు ఎడమ చక్రం దగ్గర టిక్కు మొదలైంది.

ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ కంటే ముందు వచ్చేది ఉపన్యాసం. నాలుగు చక్రాలకీ శక్తి అందే ఇలాంటి పాత ట్రక్కులో ముందు చక్రం రెండు పనులు చేయాలి: తిరగాలి, పక్కకీ మళ్లాలి. అందుకని ఇరుసు చివర, చక్రం పక్కనే, ఒక జాయింటు పెడతారు. దానిలో నాలుగు చేతుల క్రాసు, ప్రతి చేతికీ ఒక టోపీ, టోపీ లోపల సన్నని సూదుల్లాంటి బేరింగులు. మిషిగన్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు సీలు దాటి లోపలికి దూరితే గ్రీజు పోతుంది, సూదులు తుప్పుపట్టి పొడైపోతాయి. టోపీ అంచున పేరుకున్న ఆ ఎర్రపొడిని బావగారు విభూతిలా వేలికి రాసుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

ఇంజనీరింగ్ కాలేజీలో ఈ జాయింటు మీద పదహారు మార్కుల ప్రశ్న రాసి గట్టెక్కిన మనిషి. ఒక షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా, కోణంలో ఉన్న రెండోది ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుందని ఈనాటికీ సమీకరణంతో సహా అప్పజెబుతాడు. నాలుగు చక్రాల డ్రైవు వేసి స్టీరింగు బాగా కోస్తే చేతుల్లో కుదుపు తెలిసేది అందుకేనట. గొలుసుతో నడిచే కార్ల కాలంలో, కార్నెల్‌లో చదివిన క్లారెన్స్ స్పైసర్ షాఫ్టుతో నడిచే బళ్లకి తొడుగున్న జాయింటు తయారుచేసి 1903లో పేటెంటు తెచ్చుకున్నాడన్న కథ కూడా వినాలి. మధ్యలో లేచి వెళ్లిన అతిథిని మళ్లీ భోజనానికి పిలవరు.

ఇక పని. టార్చి పట్టుకోవడం బావమరిదికి వంశపారంపర్యంగా వచ్చే ఉద్యోగం. జీతం లేదు, చీవాట్లు మాత్రం ఠంచనుగా అందుతాయి.

"ఇటు కాదోయ్, అటు!"

"ఎటు బావగారూ?"

"నేను చూసే వైపు!"

ట్రక్కు కింద ఆయన చూపు ఎటుందో పైన నిలబడ్డవాడికి ఎలా తెలియాలి?

జాకీ ఎక్కించి, స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, చక్రం ఊడదీశాడు. ఈ విషయంలో మాత్రం బావగారికి వంక పెట్టలేం. స్టాండు లేకుండా బండి కింద వేలు కూడా పెట్టడు. బ్రేకు కాలిపర్ తీసి తీగతో కట్టాడు. హబ్బు వెనక నాలుగు బోల్టులూ వదులు చేశాడు. అప్పుడు మొదలైంది అసలు కాపురం. హబ్బు రాదు. తుప్పు దాన్ని అక్కడే అతికించేసింది. నూనె కొట్టాడు, సుత్తితో కొట్టాడు, మధ్యలో మా అక్కని కాఫీ అడిగాడు. ఆఖరికి ఈ జాతివాళ్లందరికీ తెలిసిన చిట్కా తీశాడు: వదులైన బోల్టు తలకీ ఇరుసు గొట్టానికీ మధ్య ఒక ఇనుప ముక్క ఇరికించి, ఇంజను వేసి స్టీరింగు తిప్పితే, పవర్ స్టీరింగే హబ్బుని బయటికి తోస్తుంది. తిప్పే పని అక్కది.

"నెమ్మదిగా తిప్పవే!"

"తిప్పుతూనే ఉన్నానండీ!"

"ఆపు, ఆపు! ఇంకొంచెం. ఆపమన్నానా!"

ఠప్పుమంది. హబ్బు వచ్చింది. భార్యాభర్తలు మాత్రం సాయంత్రం దాకా మాట్లాడుకోలేదు.

ఇరుసుని ఊపిరి బిగబట్టి లాగాడు. దాని సీలు ఎక్కడో లోపల, డిఫరెన్షియల్ పక్కనుంటుంది. అది చిరిగిందంటే ఆ గుండెకాయనే విప్పాలి. పాత క్రాసుని నొక్కి తీయడానికి ప్రెస్సు కావాలి. అమెరికాలో విడిభాగాల షాపులు డిపాజిట్ కట్టించుకుని అలాంటి పనిముట్లు ఎరువిస్తాయి, తిరిగిస్తే డబ్బు వెనక్కిస్తాయి. బావగారు తెచ్చాడు, వాడాడు, తిరిగిచ్చాడు, ఆపైన సొంతానికి ఒకటి కొనుక్కున్నాడు. కొత్త టోపీ దిగేటప్పుడు లోపల ఒక్క సూది పడుకుండిపోయినా టోపీ చివరిదాకా దిగదు, లాకు పట్టదు. ఆ ఒక్క సూది కోసం ఆయన దేవుళ్లందర్నీ పిలిచాడు. దొరికాక ఎవర్నీ తలుచుకోలేదు.

పని అక్కడితో అయిపోవాలి. కానీ బావగారి జీవితాన్ని నడిపే మంత్రం ఒకటుంది: "ఎలాగూ విప్పాం కదా!" ఎలాగూ విప్పాం కదా, బాల్ జాయింట్లు కూడా మార్చేద్దాం. హబ్బు చేతిలోనే ఉంది కదా, బేరింగూ కొత్తది వేద్దాం. ఎడమది పోయిందంటే కుడిది మాత్రం ఎంతకాలం ఉంటుంది? అలా ఒక్క క్రాసు కోసం మొదలైన పని ముందు భాగమంతా పాకింది. వంటింట్లో కుళాయి వాషరు మార్చబోయి గోడ పగలగొట్టించినదీ ఈ మంత్రమే. పెళ్లికని ఇండియా వెళ్లి, పీటల మీద పెళ్లి జరుగుతుండగా వియ్యాలవారి నీళ్ల మోటారు విప్పించినదీ ఇదే.

ఇలాంటివాళ్లు ఇద్దరు ఒక విందులో కలిశారా, బిర్యానీ చల్లారిపోవలసిందే. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న క్రాసు మంచిదా, లేనిది మంచిదా? నిపుల్ ఉంటే గ్రీజు పెట్టుకోవచ్చు, కానీ దానికోసం క్రాసుకి రంధ్రం చేస్తారు కాబట్టి బలం తగ్గుతుందని ఒకరు. గట్టి క్రాసైనా గ్రీజు ఎండితే ఏం లాభమని ఇంకొకరు. ఆడవాళ్లు పిల్లల్ని కార్లలో ఎక్కించి హారన్ కొట్టేదాకా తేలదు.

దీనివల్ల డబ్బు మిగిలిందా అని బావగారిని అడగకూడదు. మిగలలేదని ఆయనకీ తెలుసు. ఆఫీసులో ఆయన రాసే ప్రోగ్రాము ఎప్పటికీ పూర్తికాదు, ఒకరు దిద్దింది ఇంకొకరు మారుస్తారు. ఇక్కడ మాత్రం టిక్కు టిక్కుమన్నది ఆగిపోతుంది, ఆపింది తనే. అంత స్పష్టమైన ఫలితం ఆయనకి వారమంతటిలో ఇంకెక్కడా దొరకదు. పైగా జనవరి చలిలో ఎవరి బండి మొరాయించినా తెల్లవారుజామున కేబుళ్లు పట్టుకుని వచ్చేది ఆయనే. పైసా పుచ్చుకోడు, ఉపన్యాసం మాత్రం వదలడు.

అందుకని నా సలహా ఒక్కటే. మంచు దేశంలో పాత ట్రక్కు మీరు కొనకండి. కొన్నవాడి పక్కింట్లో మాత్రం తప్పకుండా ఇల్లు తీసుకోండి.