విశ్వం మన పేరనే రిజిస్టరైందట!

విశ్వమంతా మనిషి కోసమే పుట్టిందన్న వాదానికి వయసు ఎక్కువ, సాక్ష్యం తక్కువ. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ చూపించి "ఇది మనకేగా" అంటే చాలు, వాదం నడిచిపోతుంది. ఫ్రెంచి రచయిత బెర్నార్డాన్ ద సాన్‌పియెర్ 1784లో వెలువరించిన ప్రకృతి గ్రంథంలో చేసింది అదే. కర్బూజ మీద నిలువు గాట్లు ఎందుకున్నాయి? ఇంటిల్లిపాదీ ముక్కలు చేసుకు తినడానికి ప్రకృతే గీసిపెట్టిందట. గుమ్మడికాయ ఇంకా పెద్దది కనక ఇరుగుపొరుగుకూ పెట్టాలట. కోసేవాడి చేతులకు జిగురంటించే పనసకాయ ఏ సదుద్దేశంతో పుట్టిందో మాత్రం ఈ లెక్కన తేలదు.

కాయగూరల దగ్గర మొదలైన వాదం నక్షత్రాల దాకా పాకింది. డార్విన్‌తో పాటు ప్రకృతివరణాన్ని కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలస్ అంతటివాడే 1903లో ఒక పుస్తకం రాసి, సూర్యుడు నక్షత్రలోకానికి ఇంచుమించు నడిమధ్యన ఉన్నాడనీ, ఈ ఏర్పాటంతా మనిషి కోసమేననీ వాదించాడు. పదిహేనేళ్లకే ఖగోళ శాస్త్రజ్ఞుడు హార్లో షాప్లీ నక్షత్రగుచ్ఛాల దూరాలు లెక్కగట్టి ఆ నడిమధ్యను సూర్యుడికి దూరం చేశాడు. ఇప్పటి లెక్కలో ఆ దూరం సుమారు 26,000 కాంతి సంవత్సరాలు. 1920లలో ఎడ్విన్ హబుల్ మన పాలపుంత అవతల కూడా గెలాక్సీలున్నాయని తేల్చడంతో కేంద్రం కాస్తా శివారైంది.

పోనీ కాలమైనా కలిసొస్తుందా అంటే అక్కడా చుక్కెదురే. విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల ఏళ్లు. మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. ఆఖరి బంతికి వచ్చినవాడు పెళ్లిపందిరి తనకోసమే వేశారన్నట్టుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికోలోని యుకటాన్ దగ్గర గ్రహశకలం పడేదాకా డైనోసార్లకూ ఇదే ధీమా ఉండి ఉండాలి. జాతుల లెక్కే ప్రమాణమైతే, శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన పెంకుపురుగు జాతులే దాదాపు 4 లక్షలు. విశ్వం వాటి కోసమే అంటే వాదం ఇంకాస్త గట్టిగా నిలబడుతుంది.

చోటూ కాలమూ చేజారాక వాదం భౌతిక స్థిరాంకాల చాటుకు చేరింది. 1973లో కోపర్నికస్ 500వ జయంతికి క్రాకోలో జరిగిన సదస్సులో భౌతిక శాస్త్రజ్ఞుడు బ్రాండన్ కార్టర్ 'ఆంత్రోపిక్ సూత్రం' ప్రతిపాదించాడు. దాని బలహీన రూపం చెప్పేది చిన్న మాట: చూసేవాడు బతకగలిగిన చోటే చూసేవాడుంటాడు. వాదులు దాన్ని తిరగేసి, చూసేవాడు పుట్టాలనే స్థిరాంకాలను అలా బిగించారన్నారు. అంత శ్రద్ధగా బిగించిన విశ్వంలో మనిషికి ఊపిరాడేది, తెలిసినంతవరకు, ఒక్క గ్రహం మీదే. అందులోనూ 71 శాతం నీళ్లు. 8,000 మీటర్ల ఎత్తు దాటితే చాలామందికి ఆక్సిజన్ సిలిండరే దిక్కు.

ఈ లెక్కల పుస్తకంలో మనిషి పేరన అన్నీ రాబడి పద్దులే, ఖర్చు పద్దు ఒక్కటీ లేదు. మనిషికి విశ్వం ఎందుకో ఇన్ని రకాలుగా చెప్పిన వాదం, విశ్వానికి మనిషెందుకో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.