అర నిమేషంలో కాంతి వేగం

ఎక్కడో ఒక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి శ్రమించి ఏదైనా కనిపెట్టిన మర్నాడే అది ప్రాచీన భారతీయ గ్రంథాల్లోనూ బయటపడుతుంది గాని, అంతకు ముందురోజు మాత్రం ఎంత వెతికినా కనిపించదు. ప్రయోగశాల అక్కరలేని ఈ పరిశోధనా పద్ధతికి ఆణిముత్యం లాంటి ఉదాహరణ కాంతి వేగం. 14వ శతాబ్దిలో విజయనగర ప్రభువు బుక్కరాయల ఆశ్రయంలో వేదభాష్యం రచించిన సాయణాచార్యుడు ఋగ్వేదం ప్రథమ మండలంలోని 50వ సూక్తాన్ని వ్యాఖ్యానిస్తూ, అర నిమేషంలో, అంటే రెప్పపాటులో సగం సేపట్లో, 2,202 యోజనాలు నడిచే సూర్యునికి నమస్కరించే శ్లోకాన్ని ఉదహరించాడు. యోజనమంటే 9 మైళ్లనీ, నిమేషమంటే సెకనులో అయిదో వంతుకు కాస్త ఎక్కువనీ తీసుకుంటే సెకనుకు దాదాపు 1,86,000 మైళ్లు వస్తుంది. నేటి భౌతికశాస్త్రం చెప్పే విలువ 1,86,282 మైళ్లు. సభలో చప్పట్లు మోగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే యోజనం అన్ని గ్రంథాల్లోనూ ఒకే కొలత కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం భూమి వ్యాసాన్ని 1,050 యోజనాలంటే, సూర్యసిద్ధాంతం 1,600 యోజనాలంటుంది. ఈ రెంటి నడుమ భూమి ఉబ్బిపోయిన దాఖలా లేదు కనుక మొదటి లెక్కన యోజనం ఏడున్నర మైళ్లు, రెండో లెక్కన అయిదు మైళ్లు అవుతుంది. అదే శ్లోకంలో ఆర్యభటుని యోజనాన్ని పెడితే సెకనుకు సుమారు 1,55,000 మైళ్లు, సూర్యసిద్ధాంతపు యోజనాన్ని పెడితే 1,02,000 మైళ్లు వస్తాయి. నిమేషం సంగతీ అంతే: 15 నిమేషాలను ఒక కాష్ఠగా లెక్కించే విష్ణుపురాణాన్ని వదిలి, 18 నిమేషాలను కాష్ఠ అనే మనుస్మృతిని నమ్ముకుంటే, 9 మైళ్ల యోజనంతోనే వేగం 2,23,000 మైళ్లకు ఎగబాకుతుంది. ఇన్ని కొలతల్లోంచి సరైన జతను ఏరుకోవడానికి తపస్సు అక్కరలేదు, జవాబు ముందే తెలిసి ఉంటే చాలు.

పైగా ఆ శ్లోకం చెబుతున్నది సూర్యుని నడకను గురించి. వెలుగు ప్రస్తావన వ్యాఖ్యాతల దయ. సూర్యుడే ఆ వేగంతో రోజుకొకసారి భూమిని చుట్టివస్తున్నాడనుకుంటే, అతడు 412 కోట్ల కిలోమీటర్ల దూరాన, యురేనస్, నెప్ట్యూన్ కక్ష్యల మధ్య ఎక్కడో ఉండాలి. అసలు దూరం 15 కోట్ల కిలోమీటర్లే. ఈ రెండో లెక్కను ఏ వేదికా వినిపించుకోదు.

కాంతికీ ప్రయాణానికి సమయం పడుతుందని 1676లో చూపిన డెన్మార్క్ ఖగోళవేత్త ఓలే రోమర్, గురుగ్రహపు ఉపగ్రహమైన అయోకు పట్టే గ్రహణాలు, భూమి గురునికి దూరమవుతున్న నెలల్లో ఆలస్యంగానూ దగ్గరవుతున్న నెలల్లో ముందుగానూ జరగడాన్ని పట్టుకున్నాడు. భూకక్ష్య వ్యాసాన్ని దాటడానికి కాంతికి 22 నిమిషాలు పడుతుందన్న అతని అంచనా తప్పు. పట్టేది పదహారున్నర నిమిషాల పైచిలుకు. 1849లో తిరుగుతున్న పళ్లచక్రం సందుల్లోంచి వెలుగును ఎనిమిది కిలోమీటర్ల అవతలి అద్దానికి పంపి వెనక్కి రప్పించిన ఫిజో కూడా సుమారు అయిదు శాతం ఎక్కువే చెప్పాడు. పాపం, వాళ్లకు జవాబు ముందుగా తెలియదు.

ఈ జబ్బు భారతదేశానికే పరిమితం అనుకోవడం కూడా ఒక రకమైన అతిశయమే. జెసూట్ మతబోధకులు ఐరోపా ఖగోళగణితాన్ని చైనాకు మోసుకువస్తే, ఆ విద్య పూర్వం చైనా నుంచే పడమటికి వలస వెళ్లిందని మెయ్ వెన్‌డింగ్ వంటి పండితుడు వాదించాడు, కాంగ్షీ చక్రవర్తి ఆమోదించాడు. 1940ల చివర సోవియట్ ప్రచారం రేడియోను, విమానాన్ని, విద్యుద్దీపాన్ని రష్యన్ల ఖాతాలో జమచేసింది. ఐరోపా వారి పాత చరిత్రలు మరీ ఘనమైనవి: ఏథెన్సులో పుట్టిన విజ్ఞానం ఫ్లారెన్సులో కళ్లు తెరిచే దాకా బాగ్దాదులోని అల్ ఖ్వారిజ్మీ, కైరోలోని ఇబ్న్ అల్ హైతమ్ గ్రీకు పుస్తకాలకు దుమ్ము దులుపుతూ కూర్చున్నారన్నట్టు రాశాయి.

తాతలు నేతులు తాగారని మూతులు చూపే మనవలు, తాతలు నిజంగా తిన్నదేమిటో ఎన్నడూ అడగకపోవడమే ఇందులో విడ్డూరం. నక్షత్రాల గమనం భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కలిగే భ్రమ అని ఆర్యభటుడు అన్నాడు. భూమే తిరుగుతుంటే ఎత్తయినవి ఎందుకు పడిపోవని 628లో బ్రహ్మగుప్తుడు నిలదీశాడు. తప్పయినా సరే అది పదునైన ప్రశ్న. గెలీలియో కాలం దాకా పడమటివారిని కూడా వేధించిన ప్రశ్న. ఉత్సవ ప్రసంగాల్లో మాత్రం ఇద్దరూ ఏకకాలంలో సర్వజ్ఞులే. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు తెలుగు సభల్లోనే అరుదుగా వినిపిస్తుంది. వృత్త పరిధికి అనంత శ్రేణులను, అంటే ఎంతకూ తెగని కూడికలను, సాధించిన కేరళ గణితజ్ఞుడు మాధవుని ఫలితాలు 16వ శతాబ్దిలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో ఉన్నాయి. అందులో విమానాలు లేవు, అణ్వస్త్రాలు లేవు. ఉన్నవన్నీ మెట్టుమెట్టుగా సాగే నిరూపణలు, వాటిని చదవాలంటే గణితం వచ్చి ఉండాలి.