సముద్రతీరమున నీటి కటకట

రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత తమ తలలయందు ఋజువు కాకమునుపే, బడులు తెరుచుటకు నాలుగు దినములు ముందుగా, ఏటేటి ఆనవాయితీ చొప్పున మా నల్లగొండ దంపతులు గుంటూరు మీదుగా బాపట్ల చేరి, అచటికి 9 కిలోమీటర్ల దూరమున నున్న సూర్యలంకలో సముద్రుని దర్శించిరి.

ఊరిలో ఎండ మాత్రమే యుండెను. ఇచట దానితోపాటు చెమటయు ఉచితముగా లభించెను.

మా జిల్లాకు పాతదైన ఫ్లోరైడు భయమున ఇంటినుండి మోసికొనిపోయిన మంచినీళ్ల క్యాను, ఎదుట దిగంతము వరకు నీరే యుండగా, పదునొకండు గంటలకే నిండుకొనెను. 2015లో, చౌటుప్పల ఇంకను మాలోనే యుండగా, అచట ఇంటింటికి మంచినీరిచ్చు మిషన్ భగీరథ పథకపు పైలాను వెలసిన జిల్లా మాది. క్యానును విడువ మనసొప్పని జిల్లాయు మాదే.

ఇల్లాలు మోకాలి లోతు వరకు దిగెను. మగడు చెప్పులకు కాపలా యుండెను.

తరంగఘోష నాలకించుటకు మారుగా ఆతడు పొరుగింటికి ఫోను చేసి, వాన పడెనా యని యడిగెను.

పడెనట. మిద్దెపై ఆరవేసిన మామిడి ఒరుగులన్నియు తడిసెనట. సముద్రము మీది మబ్బు వీరికన్న ముందే నల్లగొండ చేరెను. దానికి రిజర్వేషను అక్కరలేదు గదా!