మా ఇంటి లెక్కలో తొంభైలు

మా ఇంట్లో సంవత్సరాలకు అంకెలు చెప్పే అలవాటు లేదు. అక్క పెళ్ళెప్పుడంటే "మందు దొరకని ఏడు" అంటారు. ఫ్రిజ్ ఎప్పుడు కొన్నామంటే "వినాయకుడు పాలు తాగాడే, ఆ నెల్లో." ఒకసారి బీమా ఏజెంటు వచ్చి నాన్న పుట్టిన తేదీ అడిగితే నాయనమ్మ ఓ తుఫాను సంగతి మొదలుపెట్టింది. ఆయన మర్యాదస్తుడు, కాఫీ తాగి మొత్తం విన్నాడు. ఫారంలో మాత్రం ఏమీ రాసుకోలేదు.

పత్రికలవాళ్ళు అప్పుడప్పుడు ఆ దశాబ్దం ఈ దశాబ్దం అంటూ మరపురాని ఘట్టాలన్నీ గుదిగుచ్చి ప్రత్యేక సంచికలు వేస్తుంటారు. తొంభైల మీద వచ్చినవి నేను వదలకుండా చదువుతాను. అన్నీ ఉంటాయి, మా ఇల్లు తప్ప. ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఏదో జరిగిందని రాస్తారు గానీ, దానివల్ల తెనాలిలో మా వంటింట్లో ఏం జరిగిందో ఒక్కరూ రాయరు. ఆ లోటు తీర్చేవాళ్ళు ఎవరూ కనపడక నేనే పూనుకున్నాను.

1990 మే 9. కృష్ణా ముఖద్వారం దగ్గర తుఫాను తీరం దాటింది. వందల మంది పోయారు, డెల్టా అంతా నీళ్ళు నిలిచాయి. అందులో నవ్వడానికేమీ లేదు. కానీ సరిగ్గా ఆ రోజే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. నాన్నని అడిగితే ఎగిరిపోయిన పెంకుల లెక్క చెబుతాడు. బాబాయిని అడిగితే శ్రీదేవి గురించి చెబుతాడు. ఇద్దరూ అప్పుడు ఒకే ఇంట్లో, ఒకే వానలో ఉన్నారు మరి. హాల్లోకి నీళ్ళొస్తే కాళ్ళు సీటు మీద పెట్టుకుని చూశానని బాబాయి ఈమధ్య గొప్పగా చెబుతుంటే నాన్న మెల్లగా పేపరు దించి, "పెంకులు సర్దడానికి ఊరంతా వెతికించాను. ఎక్కడున్నావో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. కొన్ని వార్తలు మా ఇంటికి ఆలస్యంగా చేరతాయి.

మరుసటి ఏడాది జూన్‌లో పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. తెలుగువాడు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఆయన నిలబడ్డ నంద్యాల ఉప ఎన్నికలో ఎన్టీ రామారావు గారు పోటీకి మనిషినే పెట్టలేదు. అయిదు లక్షల ఎనభై వేలు దాటిన మెజారిటీ వచ్చింది. కానీ నాయనమ్మ ఆలోచన నంద్యాల దాకా పోలేదు. "మనవాడేగా, ఇహ యూరియా ధర తగ్గిస్తాడులే" అని జూన్‌లోనే తేల్చేసింది. జులై 24న మన్మోహన్ సింగ్ గారు బడ్జెట్ చదివి ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవయ్యాక 30కి దించారనుకోండి. ఆర్థిక సంస్కరణల గురించి పండితులు గ్రంథాలు రాశారు. మా ఇంట్లో వాటి మొత్తం సారాంశం అమ్మ గాజులు.

ఎందుకంటే అదే జులైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విమానాల మీద లండన్‌కి పంపి తాకట్టు పెట్టింది. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదట. దేశం తల దించుకుందని పేపర్లు రాశాయి. నాన్న మాత్రం అది చదివి తలెత్తాడు. అప్పటిదాకా గాజుల మాట ఎత్తడానికి ఆయనకు నోరు రాలేదు మరి. ఆ రోజు పేపరు మడిచి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "దేశానికే తప్పలేదే, మనమెంత?" అన్నాడు. అమ్మ మారుమాట్లాడకుండా గాజులు తీసిచ్చింది. నాట్లు పడ్డాయి, ఎరువు పడింది. కొన్నాళ్ళకు దేశం ఆ అప్పు తీర్చేసిందని కూడా పేపర్లో వచ్చింది. అమ్మకి పేపరు చదివే అలవాటు లేదనే నాన్న అనుకున్నాడు. మర్నాడు పొద్దున కాఫీతోపాటు ఆ పేపరు కూడా వచ్చింది, ఆ వార్త పైకి కనిపించేలా మడిచి. మాటా లేదు, పలుకూ లేదు. భారతదేశం తరఫున ఆ స్థాయి దౌత్యం ఐక్యరాజ్యసమితిలో కూడా ఎవరూ చేసి ఉండరు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. ఎన్టీఆర్ మళ్ళీ గెలిచి వచ్చాక, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం. మా ఇంట్లో ఆడవాళ్ళంతా హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. యానాంలో మాకు చుట్టాలున్నారన్న సంగతి సరిగ్గా అప్పుడే బయటపడింది. బాబాయి నెలకోసారి వెళ్ళి వాళ్ళ యోగక్షేమాలు కనుక్కొచ్చేవాడు. తెనాలి నుంచి యానాం అంటే నాలుగడుగుల దూరం కాదు, పాపం బంధుప్రీతి అలాంటిది. యానాం పుదుచ్చేరి పాలనలో ఉంటుందని, మన చట్టం అక్కడ చెల్లదని నాయనమ్మకి ఎవరూ చెప్పలేదు. "పిల్లాడు చుట్టాల్ని మరిచిపోడు" అని మురిసిపోయేది. 1997లో నిషేధం సడలించారు. ఆ తర్వాత ఆ చుట్టాల ఊసే లేదు. ఏమయ్యారో ఏమో.

ఇక 1995 సెప్టెంబరు 21, గురువారం. దేశమంతా వినాయకుడు పాలు తాగిన రోజు. ఢిల్లీలో తెల్లవారుజామున మొదలైందంటారు. సెల్‌ఫోను లేదు, వాట్సాప్ లేదు. ఎస్టీడీ బూత్‌ల మీదుగా మధ్యాహ్నానికల్లా తెనాలికి వచ్చేసింది. చవితి అయిపోయి మూడు వారాలు దాటింది కాబట్టి మట్టి వినాయకులంతా అప్పటికే కాలవలో ఉన్నారు. దాంతో వీధిలో ఎవరింట రాతిదో ఇత్తడిదో ఉంటే వాళ్ళ గుమ్మం ముందు జనం. మాకు ఇత్తడి విగ్రహం ఉంది. ఆ సాయంత్రం నాయనమ్మ దర్జా చూసి తీరాలి. వరస తప్పినవాళ్ళని, అరువు తీర్చనివాళ్ళని పేరు పెట్టి పిలిచి వెనక్కి పంపింది. చెంచా తొండానికి ఆనించగానే పాలు నిజంగానే తగ్గుతున్నాయి. నేను కళ్ళారా చూశాను.

ఎదురింటి సైన్సు మాస్టారు ఊరుకోలేదు. తలతన్యత వల్ల పాలు విగ్రహానికి అంటుకుంటాయని, పలచని పొరగా కిందికి జారిపోతాయని అరుగెక్కి పాఠం చెప్పాడు. ఢిల్లీలో శాస్త్రవేత్తలు కూడా రంగు కలిపిన పాలు పోసి అదే చూపించారు. ఈయన పాలల్లో చిటికెడు కుంకుమ వేసి పోశాడు. బొజ్జ మీదుగా ఎర్రగా ధార కట్టింది. రుజువైపోయింది. జనం అంతా నాయనమ్మ వైపు చూశారు. ఆవిడ తొణకలేదు. "దేవుడు తాగనంటే నీకేంటి మాస్టారూ, పాలు మావేగా?" అంది. వరసలో మాస్టారి భార్య కూడా ఉంది, చేతిలో గిన్నెతో. ఆయన అది చూసి అరుగు దిగి వెళ్ళిపోయాడు. విజ్ఞానశాస్త్రం ఓడిపోయిందని నేననను. దానికి వీధిలో ఓట్లు తక్కువ పడ్డాయి, అంతే. రాత్రికి ఊళ్ళో పాలచుక్క లేదు. నాన్న దృష్టిలో ఆ రోజు జరిగిన చారిత్రక ఘటన ఆయనకు సాయంత్రం కాఫీ లేకపోవడం. పాలు దాచుకోవడానికి ఫ్రిజ్ కావాలని అమ్మ ఎన్నేళ్ళుగా అడిగినా కదలని మనిషి, ఆ దెబ్బకి నెల తిరక్కుండా కొన్నాడు.

1998 ఏప్రిల్ 22న షార్జాలో ఇసుక తుఫాను, ఆ వెనకే టెండూల్కర్ 143. రెండు రోజులకు, తన పుట్టినరోజున, 134. ఆ మొదటి రాత్రి మా వీధిలో కరెంటు లేదు. ఆ ఆట టీవీలో చూడనివాడు మా వీధిలో లేడు. ఈ రెంటికీ పొత్తెలా కుదురుతుందని నేనిప్పటిదాకా ఎవర్నీ అడగలేదు. వాళ్ళతోనే రోజూ పనులుంటాయి కదా.

దశాబ్దం చివర అందరినీ వణికించింది వైటూకే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే రాశారు. కాబట్టి 2000 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుంది, బ్యాంకులూ విమానాలూ ఆగిపోతాయి అన్నారు. ఇది విని నాయనమ్మ కాసేపు ఆలోచించి, "అయితే నేనింకా పుట్టలేదన్నమాట. మరి నా పింఛనో?" అంది. జువాలజీ చదివి రొయ్యల చెరువులో లెక్కలు రాసుకుంటున్న మా పిన్ని కొడుకు శీను అమీర్‌పేట వెళ్ళి కోబాల్ నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి న్యూజెర్సీలో తేలాడు. రొయ్యల దగ్గరున్నప్పుడు వాడికి పిల్లనిస్తామన్న వాళ్ళు లేరు. కోబాల్ దగ్గరికి వచ్చాక పెళ్ళిళ్ళ పేరయ్య పిన్ని గుమ్మం దగ్గరే కాపురం పెట్టాడు.

డిసెంబరు 31 రాత్రి పన్నెండయింది. టపాకాయలు కాల్చారు. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. ఇంకాసేపటికి శీను ఫోను. వాళ్ళకింకా మధ్యాహ్నమే. ఆఫీసులో రాత్రంతా కాపలా ఉండాలట, ప్రపంచం ఏమవుతుందో ఏమోనట, గొంతు కూడా కొంచెం బరువుగా ఉంది. అమ్మ ఫోనందుకుంది.

"ఒరే శీనూ, ఇక్కడ రెండు వేలు వచ్చేసింది రా. ఏమీ కాలేదు. కరెంటు కూడా పోలేదు. నువ్వింటికెళ్ళి పడుకో."

అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత వాడు గొంతు బాగా తగ్గించి,

"కాస్త మెల్లగా పెద్దమ్మా, ఇక్కడ సగం మందికి తెలుగొచ్చు" అన్నాడు.