నీలిమూత పద్యము (సటీకము)

మూలము (ఆటవెలది)

నీలి మూత లేరి నిలిపె ముంగిటిలోన
పుల్ల గోడ లెత్తి పురుషపక్షి
వచ్చి చూచు చెలియ వలచునో వలవదో
మూత దొంగ గలడు ముందు వెనుక

ప్రతిపదార్థము: పురుషపక్షి = తూర్పు ఆస్ట్రేలియా అడవులలోని శాటిన్ బోవర్‌బర్డ్ మగపిట్ట; పుల్లగోడలు = ఎదురెదురుగా గుచ్చిన పుల్లల రెండు వరుసలను; ఎత్తి = నిలబెట్టి; నీలి మూతలు = సీసా మూతలను (చిలుకల ఈకలు, స్ట్రాలు, బట్టల క్లిప్పులు మొదలగు నీలి వస్తువులన్నియు ఇందులోనివే); ఏరి = ఎక్కడెక్కడివో తెచ్చి; ముంగిటిలోన = ఆ వాకిట; నిలిపె = పేర్చెను; వచ్చి చూచు చెలియ = పెండ్లిచూపులకు వచ్చిన ఆడుపిట్ట; వలచునో వలవదో = చెప్పలేము; మూతదొంగ = పొరుగు మగపిట్ట; ముందు వెనుక = అన్నివైపుల; కలడు = పొంచియున్నాడు.

తాత్పర్యము: గోడలు లేచెను, వాకిలి నిండెను. తక్కినది చెలియ దయ, పొరుగువాని దయ.

విశేషములు:

1. ఇది గూడు కాదు. గూడు కట్టుట, గుడ్లు పొదుగుట, పిల్లలను సాకుట ఆడుపిట్ట వేరొక చెట్టుపై ఒంటరిగా చేసికొనును. నాయకుడు ఆ సమయమున గోడలకు నమలిన ఆకుపసరు పూయుచుండును.

2. శంక: తినరాని, గూటికి పనికిరాని మూత ఎందులకు? సమాధానము: మూత దొరకుట అదృష్టము, నిలుపుకొనుట సామర్థ్యము. పొరుగు మగలు మూతలెత్తుకొనిపోవుదురు, సందు దొరికిన గోడలే పీకుదురు. నిండిన వాకిలి చూచిన చెలియకు కాపలావాని సత్తువ తెలియును. అలంకారములు ఎక్కువగలవానికి జతలు ఎక్కువని పరిశోధకులును గుర్తించిరి.

3. “ఎర్ర మూత లేరి” అను పాఠాంతరము త్యాజ్యము. యతి చెడును. యతిని మనము క్షమించినను పక్షి క్షమింపదు. వాకిట ఎర్రది పెట్టినచో ముక్కున కరచి అవతల పారవేయును.

4. నాయకుడు దక్షిణుడు, ఎందరు నాయికలు వచ్చినను అందరిని ఒకే రీతిని ఆదరించును. మేని నీలినలుపు దాదాపు ఏడేండ్లకు గాని రాదు. అంతవరకు ఆకుపచ్చగా ఆడుపిట్టవలె ఉండి, పుల్లలు గుచ్చుట అభ్యసించును.

5. రసము శృంగారమని కొందరు. నాలుగవ పాదమును బట్టి వీరమని మా మతము. తీర్పు చెప్పవలసిన చెలియ ఇంకను పక్క పొదరిండ్లు చూడవలసియున్నది.